గుమ్మం దగ్గరి మాట

1981 ఆగస్టు మొదటి సోమవారం నన్ను ఒక బ్రిటిష్ ఎంపీ గారికి డ్రైవరుగా వేశారు. ఆర్డరు కాగితం మీద అలా రాయలేదు లెండి. ‘లయజాన్’, అంటే సమన్వయకర్త, అని గౌరవంగానే రాశారు. కానీ టెక్సస్‌లో, అందులోనూ ఇర్వింగ్ లాంటి చోట, కారు నడపని మనిషికి లయజాన్ అంటే డ్రైవరే. ఆయనకి రోడ్డుకి కుడివైపు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అలా ఆరు వారాల పాటు నా కార్లో ముందు సీటు ఆయనది.

అప్పటికి నేను మా ప్రాంతపు కాంగ్రెస్‌మాన్ గారి లోకల్ ఆఫీసులో రెండేళ్ళుగా కేస్‌వర్కర్‌ని. కాంగ్రెస్‌మాన్ అంటే మన లోక్‌సభ సభ్యుడి లాంటివాడు. వాషింగ్టన్‌లోని ఆఫీసు చట్టాల సంగతి చూస్తుంది, నియోజకవర్గంలోని మా ఆఫీసు మనుషుల సంగతి చూస్తుంది. పెన్షన్ ఆగిపోయినవాళ్ళు, పాస్‌పోర్టు రానివాళ్ళు, ఇమిగ్రేషన్ కాగితాలు ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. వాళ్ళ చేత అనుమతి ఫారం మీద సంతకం పెట్టించుకుని, సంబంధిత శాఖకి ‘ఈ కేసు ఎంతవరకు వచ్చింది’ అని ఉత్తరం రాయడం మా పని. అడగడం వరకే. ఫలానా విధంగా చెయ్యండి అనే అధికారం మాకు లేదు. మనవాళ్ళకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. “ఒక్క రికమండేషన్ పడేయండి విజయగారూ, మీ బాస్ చేత ఒక్క ముక్క చెప్పిస్తే అయిపోతుంది” అనేవారు. చెప్పించనంటే నాకు పొగరనుకునేవారు. కొంత ఉండేది కూడా.

మా ఆఫీసుకి పెద్ద డోరతీ. ఆవిడ హోదా డిస్ట్రిక్ట్ డైరెక్టర్. ఉత్తరాలు మేం తయారు చేస్తే ఆవిడ చూసి సరేననేది. కాంగ్రెస్‌మాన్ గారి సంతకం మాత్రం ఒక యంత్రం పెట్టేది. ఆయన చేతివ్రాతని అచ్చుగా పోసిన ఆ యంత్రం, కాలితో మీట నొక్కగానే కలం పట్టుకుని గిరగిరా సంతకం గీసేది. ఎంపీ గారు వచ్చిన మొదటిరోజే దాని ముందు చాలాసేపు నిలబడి, నొక్కి చూడవచ్చా అని అడిగారు. డోరతీ వీల్లేదంది.

ఆయన పేరు చెప్పను. ఆయన మనవలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గుగనుల ఊరు. అంతకుముందు బడిపంతులు. ఇరవయ్యారేళ్ళుగా పార్లమెంటు సభ్యుడు, ఎనిమిది ఎన్నికలు వరసగా గెలిచారు, అందులో ఒకటి చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచారట. ఇన్నేళ్ళలో మంత్రి కాలేదు. ఒకసారి చిన్న మంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నారు. ఎందుకండీ అని అడిగాను. శనివారాలు పోతాయని, అన్నారు.

శనివారాల సంగతి ఏమిటంటే, వాళ్ళ దేశంలో ఎంపీలకి ఒక ఆచారం ఉంది. వారానికో పూట తన నియోజకవర్గంలో బడిలోనో లైబ్రరీలోనో ఒక బల్ల వేసుకుని ఎంపీ స్వయంగా కూర్చుంటాడు. ఎవరైనా వరసలో వచ్చి కుర్చీలో కూర్చుని తన బాధ చెప్పుకోవచ్చు. మధ్యలో నాలాంటి కేస్‌వర్కర్లు లేరు, సంతకాల యంత్రం అసలే లేదు. ఈయన ఇరవయ్యారేళ్ళలో ఆరోగ్యం బాగాలేనప్పుడు తప్ప శనివారం మానలేదట. పార్లమెంటు వేసవి సెలవుల్లో, మా ఆఫీసులు ఇదే పనిని ఎలా చేస్తాయో చూడటానికి వచ్చారు. ఆగస్టు ఎండలో ఉన్ని సూటు వేసుకుని వచ్చారు. మూడో రోజుకి కోటు నా కారు వెనక సీటులో స్థిరపడింది.

ఫైళ్ళు చూస్తానని అడిగితే డోరతీ ఒప్పుకోలేదు. అనుమతి ఫారంలో సంతకం పెట్టింది మా ఆఫీసుకే గాని బయటి దేశపు ఎంపీకి కాదు. అంచేత ఆయన దారిలో నన్ను అడిగేవారు. పేరు చెప్పకుండా ఒక కేసు చెప్పు, నువ్వు బాగా చేశాననుకున్నది చెప్పు, అని. రెండోవారంలో, హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, నేను శారద కేసు చెప్పాను. బాగా చేశాననే అనుకున్నాను మరి.

శారదకి అప్పుడు ముప్పై రెండేళ్ళుంటాయి. ఆమె భర్త ఇంజనీరు, ఉద్యోగం వీసా మీద వచ్చాడు. గ్రీన్‌కార్డు కాగితాలు సగంలో ఉండగా ఆ ఏడు మే నెలలో గుండెపోటుతో పోయాడు. కాగితాలన్నీ ఆయన పేరు మీద నడిచేవి. ఆయనతో పాటే కేసూ పోయింది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఆయన మీద ఆధారపడిన వీసాలో ఉన్నారు కాబట్టి వాళ్ళకీ ఇక్కడ ఉండే హక్కు పోయింది. సెప్టెంబరు ముప్పై లోపల తమంత తామే దేశం విడిచి వెళ్ళాలని ఇమిగ్రేషన్ వాళ్ళు ఉత్తరం ఇచ్చారు. ఆ ఉత్తరం పట్టుకుని జులైలో నా దగ్గరికి వచ్చింది. వస్తూ వస్తూ అరడజను అరటిపళ్ళు తెచ్చింది, ఆఫీసుకి ఉత్త చేతులతో రాకూడదని.

వెళ్ళిపోవడం ఎందుకంత కష్టమో కూడా చెప్పింది. పెద్దపిల్ల పుట్టు చెవిటిది. ఇక్కడి బడిలో చేతి సైగలతో చదువు చెబుతున్నారు, తోటిపిల్లలతో గలగలా సైగలాడుతోంది. మన వైపు అప్పట్లో ఆమె ఊరికి దగ్గరలో అలాంటి బడి లేదు. “అది ఇప్పుడిప్పుడే మాట్లాడుతోందండీ” అంది. చేతులతో మాట్లాడటాన్ని ఆమె మాట్లాడటమనే అనేది.

నేను ఫారం తీసి ఒక్కొక్క గడీ నింపాను. ‘మీకు ఇక్కడ ఎవరైనా ఉన్నారా’ అని అడిగాను. “ఎవరూ లేరండీ” అంది. మనిషి అసలే దుఃఖంలో ఉంది. ఎవరైనా ఉండి ఉంటే ఆ సమయంలో వచ్చేవాళ్ళే కదా, రానివాళ్ళ గురించి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు, అనుకున్నాను. ఇంకే తెల్లపిల్ల నా కుర్చీలో ఉన్నా ‘అన్నదమ్ములా, అక్కచెల్లెళ్ళా, సిటిజన్లా’ అని మూడు ప్రశ్నలూ అడిగేది. నేను తెలుగుదాన్ని కాబట్టి అడగలేదు. ‘బంధువులు: లేరు’ అని రాశాను. ఇంతలో ఫోన్ మోగింది. నేను ఫోన్ ఎత్తాను, ఆమె లేచి దణ్ణం పెట్టి వెళ్ళింది. వారం తిరక్కుండా ‘ప్రస్తుత చట్టం ప్రకారం మార్గం లేనందుకు చింతిస్తున్నాం’ అని నాలుగు పేరాల ఉత్తరం తయారు చేశాను. యంత్రం సంతకం చేసింది. ఫైల్ క్లోజ్ చేశాను.

ఇదంతా పేరు లేకుండా చెప్పి, ఉత్తరంలో ఏ సెక్షన్లు ఉదహరించానో కూడా చెప్పాను, మెచ్చుకుంటారని. ఎంపీ గారు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆవిడ గుమ్మం దగ్గర ఏమంది?

ఏమనలేదన్నాను. నువ్వు గుమ్మం దాకా వెళ్ళావా, అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. రోజుకి ముప్పై ఫోన్లొచ్చే ఆఫీసులో గుమ్మం దాకా సాగనంపే తీరిక ఎవరికుందండీ, ఇది పేరంటమా, అన్నాను. ఇంగ్లీషులో పేరంటానికి సరైన మాట దొరక్క టీ పార్టీ అన్నట్టున్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసి చూపించారు. ప్రతి పేజీలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు మనిషి కుర్చీలో కూర్చుని చెప్పినది, కుడివైపు గుమ్మం దగ్గర చెప్పినది. కొన్నిచోట్ల కుడివైపు ఖాళీ. చాలాచోట్ల ఎడమవైపు ఒక లైను, కుడివైపు పేజీ కిందిదాకా ఉంది. ఇలాంటివి ఇంట్లో పెట్టెనిండా ఉన్నాయన్నారు.

ఎంపీ అయిన మొదటి ఏడు ఒక గని కార్మికుడి భార్య వచ్చిందట, ఇంటి కప్పు కారుతోందని. ఈయన కప్పు సంగతి రాసుకున్నారు, మునిసిపాలిటీకి రాస్తానన్నారు. ఆవిడ లేచి గుమ్మం దగ్గర ఆగి సంచి సర్దుకుంటూ నిలబడింది. ఈయన వాచీ చూసుకుని తర్వాతి మనిషిని పిలిచారు. కప్పు బాగుచేయించారు కూడా. తర్వాత తెలిసిందేమంటే, ఆవిడ మొగుడికి బొగ్గుధూళితో ఊపిరితిత్తులు పోయాయి, పరిహారానికి దరఖాస్తు పెట్టే గడువు ఆ తర్వాతి సోమవారంతో తీరిపోయింది. ఆ మాట చెప్పడానికే వచ్చింది, కుర్చీలో నోరు రాలేదు. అప్పట్నుంచీ ఎవరొచ్చినా తాను లేచి తలుపు దాకా నడుస్తానని, కుర్చీలో జనం అడగటానికి సిగ్గులేనిదే అడుగుతారని చెప్పారు. నాకు తప్పు చేశానేమోనన్న భయం పట్టుకుంది.

మర్నాడు కాంగ్రెస్‌మాన్ గారికి ఎంపీ గారే ఒక సలహా ఇచ్చారు, శనివారం ఉదయం లైబ్రరీలో ఒక బల్ల వేయించి చూడమని. మా బాస్‌కి నచ్చింది. పది గంటలకి వచ్చి అందరితో చేతులు కలిపి పదిన్నరకి వెళ్ళిపోయేవారు. మిగతా పూటంతా బల్ల దగ్గర నేను. ఎంపీ గారు తలుపు పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేవారు.

శారదకి నేనే ఫోన్ చేశాను. ఊరికే ఒకసారి రండి అన్నాను. వచ్చింది. ఈసారి జంతికలు. కూర్చుని, పిల్లలకి ఇక్కడి బడి నుంచి టీసీ ఇప్పిస్తారా, దాని మీద కాంగ్రెస్‌మాన్ గారి ముద్ర వేయిస్తే అక్కడ చేర్చుకోవడం తేలికవుతుంది, అని అడిగింది. ఇక్కడ టీసీలు ఉండవనీ, మార్కుల కాగితాలు ఇస్తారనీ చెప్పాను. మూడు పెట్టెలు సర్దేసిందట. సరేనండీ అని లేచింది. నేనూ లేచాను.

మనవాళ్ళలో ‘వస్తానండీ’ అంటే బయల్దేరడం మొదలైందని అర్థం గాని వెళ్ళిపోయారని కాదు. ఇంటికొచ్చిన చుట్టం గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడుతుందో నాకు తెలియదా? ఇంట్లో తెలిసిన సంగతే ఆఫీసుకొచ్చేసరికి తీసి గట్టున పెట్టాను. ఇద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. ఎంపీ గారు లేచి తలుపు తెరిచి పట్టుకున్నారు. బయటి వేడి లోపలికి కొడుతోంది, లైబ్రరీ ఆవిడ ఏసీ పోతోందని దూరం నుంచి సణుగుతోంది. ఆయన తలుపు వదల్లేదు. మా మాటలు ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు.

ఎండలు తగ్గలేదంది. పిల్లలు ఎలా ఉన్నారన్నాను. ఫరవాలేదంది. ఒక కాలు బయట పెట్టింది. మళ్ళీ లోపల పెట్టింది.

“ఒకటి అడగనా, ఏమీ అనుకోరుగా? మనిషితో తెగిపోతే ఆ మనిషి పెట్టిన కాగితం కూడా తెగిపోతుందాండీ?”

ఏ కాగితం శారదగారూ, అన్నాను.

అప్పుడు చెప్పింది. హ్యూస్టన్‌లో సొంత అన్నయ్య ఉన్నాడు. పేరు ప్రసాద్. డెబ్భైలోనే సిటిజన్ అయ్యాడు. 1975లో, శారద ఇంకా ఇండియాలో ఉండగా, చెల్లెలి కోసం పిటిషన్ వేశాడు. మరుసటి ఏడు ఆమె భర్తకి సొంతంగా ఉద్యోగం వచ్చి వీళ్ళు వచ్చేయడంతో దాని అవసరం పడలేదు. ఆ తర్వాత ఒకరోజు అన్నయ్య ఇంట్లో భోజనాలు చేస్తుండగా మాట మీద మాట వచ్చింది. మావల్లే కదా మీరు ఈ దేశం మొహం చూశారు, అన్నాడట ప్రసాద్. శారద భర్త కలిపిన అన్నం కలిపినట్టే వదిలి లేచిపోయాడు. నాలుగేళ్ళుగా మాటల్లేవు, రాకపోకల్లేవు. భర్త పోయినప్పుడు కూడా ఆమె కబురు చెయ్యలేదు. “అన్నం ముందు నుంచి లేచొచ్చిన మనిషి పోయాక, నేను వెళ్ళి ఆ గుమ్మమే ఎక్కితే ఆయనకేం మర్యాదండీ” అంది. అందుకే నేనడిగినప్పుడు ఎవరూ లేరంది. ఆమె లెక్కలో అది నిజమే.

సిటిజన్ తన తోబుట్టువు కోసం వేసే పిటిషన్‌ని అప్పట్లో ఫిఫ్త్ ప్రిఫరెన్స్ అనేవారు. అది వేసిన తేదీని బట్టి వరసలో వంతు వస్తుంది, ఏళ్ళు పడుతుంది. 1975 నాటిదైతే వంతు ఎప్పుడో వచ్చి ఉంటుంది. వంతు వచ్చినవాళ్ళు ఇక్కడ ఉండగానే గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పిల్లలకీ వస్తుంది. కానీ వేసినవాడు ఒక్క ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంటే అంతా గాలికి పోతుంది. నాలుగేళ్ళ కోపంలో ఆ ఉత్తరం రాయకుండా ఉంటాడా అన్నది శారద భయం. ఆశ పెట్టుకుని అడిగి, లేదనిపించుకోవడం కంటే అడక్కుండా వెళ్ళిపోవడమే నయమనుకుంది.

అక్కడే, తలుపు దగ్గరే, కొత్త ఫారం మీద సంతకం పెట్టించాను. పాత ఫైల్ తెరవాలంటే డోరతీకి కారణం రాసివ్వాలి. ‘కేస్‌వర్కర్ పూర్తిగా అడగలేదు’ అని రాశాను. ఆవిడ కళ్ళద్దాల మీదుగా నన్నొకసారి చూసి సంతకం చేసింది.

సోమవారం ఇమిగ్రేషన్ వాళ్ళకి ఫోన్, వెంటనే ఉత్తరం. పాత పిటిషన్ వేరే రాష్ట్రంలోని రికార్డుల గోదాములో ఉంది, తెప్పించాలన్నారు. సెప్టెంబరు ముప్పై తేదీ మాత్రం మారదన్నారు. రెండ్రోజులకోసారి ఫోన్ చేసేదాన్ని. అవతలి క్లర్కు నా గొంతు గుర్తుపట్టి, నేను అడక్కముందే ఇంకా రాలేదు మేడమ్ అనేవాడు. ప్రతి శనివారం శారద లైబ్రరీకి వచ్చేది, కబురు లేదని వినేది, పిల్లల కబుర్లు చెప్పి వెళ్ళేది. అన్నయ్యకి తనంత తాను ఫోన్ చెయ్యనంది. ఆమెని కాదని నేను చేసే వీల్లేదు.

సెప్టెంబరు రెండోవారంలో ఎంపీ గారిని ఎయిర్‌పోర్టులో దింపాను. కోటు మళ్ళీ తొడుక్కున్నారు. అద్దాల తలుపు దగ్గర ఆగి, బ్యాగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. నాకు నవ్వొచ్చింది. చెప్పండి సార్, గుమ్మం వచ్చేసింది, అన్నాను. ఆయనా నవ్వారు. ఇక్కడికి వచ్చేటప్పుడు, తిరిగి వెళ్ళగానే ఇక పోటీ చెయ్యనని పార్టీకి చెప్పేద్దామనుకున్నారట. ఇరవయ్యారేళ్ళు తలుపులు తెరిచి పట్టుకుని అలసిపోయాననీ, ఆ లైబ్రరీలో భాష తెలియకుండా నిలబడినా ఏదో తెగని ముడి వీడుతోందని తనకి తెలిసిందనీ, ఇంకొకసారి నిలబడతాననీ చెప్పారు. చెప్పినట్టే 1983లో నిలబడి గెలిచారు. ఎనభై ఏడులో తనంత తాను తప్పుకున్నారు.

ఇమిగ్రేషన్ జవాబు సెప్టెంబరు ఇరవై ఒకటిన వచ్చింది. పిటిషన్ ఆమోదించి ఉంది. అమల్లోనే ఉంది. దానితో పాటు ఫైల్లోని కాగితాల జాబితా పంపారు. అందులో ప్రసాద్ గారు రాసిన ఉత్తరాలు మూడున్నాయి. ఒక్కటీ వెనక్కి తీసుకునేది కాదు. మూడూ అడ్రసు మార్పు ఉత్తరాలే. ఆ నాలుగేళ్ళలో ఆయన మూడు ఇళ్ళు మారాడు. మారినప్పుడల్లా, నా చెల్లెలి కేసు కబురు ఈ కొత్త అడ్రసుకి పంపండి, అని రాస్తూనే ఉన్నాడు.

ఆ జాబితా శారద చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు చదివింది. తర్వాత మా ఆఫీసు ఫోన్ వాడుకోవచ్చా అని అడిగింది. లాంగ్ డిస్టెన్స్ కాల్ సొంత పనికి వాడకూడదని రూలు. డోరతీ ఆ సమయానికి కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళింది, అరగంట రాలేదు.

చెల్లెల్ని పోషించే పూచీ తనదని అన్నగారు ప్రమాణపత్రం ఇవ్వాలి. దాన్ని పట్టుకుని ప్రసాద్ గారు గురువారం హ్యూస్టన్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని మా ఆఫీసుకి వచ్చారు. బిగుసుకుని కూర్చుని, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పారు. ఫోన్లో కాగితాల సంగతి తప్ప ఇద్దరూ వేరే మాట్లాడుకోలేదని అర్థమైంది. పని అయిపోయి లేచారు. నా టేబుల్ మీద ఫోన్ మోగుతోంది. దాన్ని మోగనిచ్చి ఆయనతో పాటు నడిచాను.

తలుపు దగ్గర కారు తాళాలు తిప్పుతూ నిలబడ్డారు. ట్రాఫిక్ గురించి ఒక మాట అన్నారు. నేను ఆగాను.

“అది ఏ టైములో ఇంట్లో ఉంటుందండీ?” అన్నారు, నా మొహం చూడకుండా. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

మా దగ్గరికి వచ్చినవాళ్ళ ఇంటి సంగతులు ఇంకొకరికి చెప్పకూడదు, సొంత అన్నయ్యకైనా సరే. అదే చెప్పాను. ఆయన తలూపి వెళ్ళబోయారు. అయితే మా ఆఫీసు శనివారం పదింటికి లైబ్రరీలో బల్ల వేస్తుందండీ, ఎవరైనా రావచ్చు, ప్రతివారం వచ్చేవాళ్ళు కొందరున్నారు, అన్నాను.

శనివారం తొమ్మిదింబావుకే ఆయన లైబ్రరీ మెట్ల మీద ఉన్నారు, చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. శారద పిల్లలతో వచ్చింది. నేను బల్ల దగ్గర వేరే ఆయన పెన్షన్ గొడవ వింటున్నాను కాబట్టి ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అద్దంలోంచి చూస్తే, పెద్దపిల్ల చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, మేనమామ ఆ సైగ ఒక్కొక్కటీ తిరిగి చేసి చూపిస్తున్నాడు. గడువుకి రెండు రోజుల ముందుగా, ఇరవై ఎనిమిదో తేదీన, దరఖాస్తులు పడ్డాయి. మరుసటి వేసవికి ముగ్గురికీ కార్డులు వచ్చాయి.

ఇదంతా ఎంపీ గారికి రాశాను. ఆయన స్వదస్తూరీతో జవాబు వచ్చింది. శుభం పలికి, చివర, డోరతీ కాఫీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఏమంది, అని అడిగారు. నిజానికి అంది. లాంగ్ డిస్టెన్స్ నంబరుకి ముందు ఒకటి నొక్కాలని ఆమెకి చెప్పు, అంది.

ఆ తర్వాత పదిహేనేళ్ళు అదే ఉద్యోగం చేశాను. ఆ అక్టోబరులో నా టేబుల్ మీది ఫోన్ తీయించి పక్క గదిలో పెట్టించాను. మనవాళ్ళ గురించి నాకు తెలుసు కాబట్టి అడగనక్కర్లేదనుకోవడం మానేశాను. ఫారంలో గడులన్నీ నిండాక కేసు సగం మాత్రమే తెలిసినట్టని, మిగతా సగం కోసం మనిషితో పాటు లేచి నడవాలని నేర్చుకున్నాను. నా కుర్చీ నుంచి తలుపుకి పద్నాలుగు అడుగులు.